అక్క చెంబులో పెంచిన పాకుడు

వచ్చిందండీ... మా చిన్నమ్మాయి అనితకు ఉద్యోగం వచ్చింది! బెంగళూరులో, వేరే గ్రహాల మీద ప్రాణం ఉందా అని వెతికే బృందంలో! రెండుసార్లు కాదన్నారు, మూడోసారి రమ్మన్నారు. పొద్దుటి నుంచి ఇంట్లో నా కాలు నిలవడం లేదు...

మా చిన్నప్పుడు... రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీ కొత్తగా మొదలైంది. నాయన అక్కడ బొగ్గు కూలీ. లోపల యంత్రాలను చల్లబరిచిన నీళ్లు గోరువెచ్చగా, ఆవిర్లు కక్కుతూ కాలువలోకి వచ్చేవి. చలికాలం పొద్దున కూలీల పిల్లలందరి స్నానాలూ అక్కడే... ఆహా, ఎంత హాయి!

ఆ కాలువ రాళ్లకు పచ్చగా పాకుడు పట్టేది. మా సావిత్రక్క దాన్ని గీకి చెంబులో ఇంటికి తెచ్చింది. చల్లారితే చచ్చిపోతుందని, స్నానాల కాగులోంచి వేడినీళ్లు పోస్తూ పిల్లిపిల్లను సాకినట్టు సాకింది!

"ఏందే పిల్లా, తాగే చెంబుల గా పాకుడేంది?" అని అవ్వ కేకలు.

"ఉడుకు నీళ్లల్ల గూడ బతుకుతున్నది సూడవ్వా! గిట్లనే సుక్కల మీద గూడ ఏదన్న బతుకుతుండొచ్చు గదా?"

"బతికితే బతకనీ. ఆళ్లకు గూడ రొట్టెలు నువ్వే కొడుతవా? పో, పిండి తడుపు!"

బొగ్గు ముఖంతో నాయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు...

ఒకరోజు అక్క మరీ మరిగిన నీళ్లు పోసేసింది. పాకుడు పాలిపోయి చచ్చిపోయింది. ఆ పూట అక్క రొట్టె ముట్టలేదు. మరుసటి ఏడు అక్కను బడి కూడా మాన్పించారు... చుక్కల మీద ఏదన్నా బతుకుతుందా అని అడగడం మాత్రం అక్క మానలేదు. మా అనితను ఒళ్లో కూర్చోబెట్టుకుని అదే కథ ఎన్నిసార్లు చెప్పిందో!

అనిత చదివింది వేడినీటి బుగ్గల్లో బతికే సూక్ష్మజీవుల గురించే. అంత వేడిలో ఇక్కడ బతికేవి ఉంటే, వేరే గ్రహాల మీద మాత్రం ఎందుకు ఉండకూడదని వెతుకుతారట. ఇంటర్వ్యూలో "ఈ ఆలోచన నీకెలా వచ్చింది?" అని అడిగితే "మా అత్త చెంబులోంచి" అందట నా తల్లి!

ఇప్పుడు ఆ కాలువ దగ్గరికి పిల్లల్ని పోనివ్వరు. ఇళ్లలో గీజర్లు వచ్చాయి... పాకుడు కనబడితే బ్లీచింగు చల్లేస్తున్నాం. మీరూ చిన్నప్పుడు ఇలాంటిదేదైనా సాకారా? రాయండి, చదివి మురిసిపోతా.

ఇంకా ఎంతమందికి చెప్పాలో... యరగేర చిన్నాయనకు, హట్టిలో బావమరిదికి, మక్తల్ వదినకు, మా తమ్ముడికి... వాళ్లందరికీ ఫోన్లు చేస్తా. గబ్బూరులో ఉన్న అక్కకు మాత్రం ఫోను కాదు. బస్సెక్కి పోతా. కొత్త చెంబు కొన్నాను.