రెండు సాక్ష్యాల తర్వాత దొరికిన విడుదల

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! అయిజలోని మా సంఘంలో నేను ఇంతకుముందే రెండుసార్లు, తాగుడు నుంచి విడుదల పొందానని సాక్ష్యం చెప్పాను. రెండూ బాగా కుదిరాయి. అక్కలు కళ్లు తుడుచుకున్నారు, అన్నలు చప్పట్లు కొట్టారు. వాటిలో ఒక్కటే చిన్న లోపం, విడుదల ఇంకా కలగలేదు.

నేను గద్వాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పొద్దున తాగకపోతే చేతిలో చాక్‌పీసు నిలిచేది కాదు, తాగితే నేను నిలిచేవాణ్ణి కాదు, ఈ రెండింటి మధ్యనే ఎనిమిదేళ్లు పాఠాలు నడిపాను. ఒకసారి కామెర్లు వచ్చి మంచాన పడ్డప్పుడు, తాగే ఓపిక లేక తాగలేదు, దాన్నే విడుదల అనుకుని లేచిన మొదటి ఆదివారమే మైకు పట్టుకున్నాను. మన సంఘాల సంగతి మీకు తెలియనిది కాదు, ఒకసారి మైకులో విడుదలైనవాడు మళ్లీ బందీ కావడానికి వీల్లేదు! కాబట్టి ఆ తర్వాత తాగిందంతా దొంగతనంగా తాగాల్సి వచ్చింది. అక్కలు తమ భర్తలను నా దగ్గరికి తీసుకొచ్చి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించమనేవారు, నేను ఊపిరి బిగబట్టి ప్రార్థించేవాణ్ణి. అనుమానాలు మొదలయ్యేసరికి రెండో సాక్ష్యం చెప్పాను. ఇలాగే ఇంకో ఏడాది తాగితే లివర్ మిగలదని డాక్టరు చెప్పిన వారమే అది.

నా భార్య కరుణ ప్రభుత్వ దవాఖానలో నర్సు. ఆమెకోసం ఎదురుచూస్తూ నిలబడిన చోట, గోడమీద ఒక కాగితం కనిపించింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే కూటమట, గురువారం నాలుగు గంటలకు, పేరు చెప్పనక్కరలేదట. గద్వాలలోనూ ఉంది, వనపర్తిలోనూ ఉంది. పరువు పోతుందని నేను వనపర్తి ఎంచుకున్నాను. పరువు ఎప్పుడో పోయిందన్న సమాచారం అప్పటికి నాకు అందలేదు.

అక్కడ పది పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో మనుషులు. కూటం నడిపే ఆయన పెద్దమందడి వైపు హమాలీ, యాదన్న అందాం. నా వంతు రాగానే అలవాటు కొద్దీ లేచి నిలబడి "దేవునికి స్తోత్రం" అని మొదలుపెట్టి, ప్రభువు నన్ను కామెర్ల మంచం మీద ఎలా ముట్టి విడిపించాడో ఇరవై నిమిషాలు వివరించాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"మంచిగ చెప్పినవ్ సారూ," అన్నాడు యాదన్న. "గని జర చెప్పు, ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?"

"పొద్దున."

"ఏ పొద్దున?"

"ఈ పొద్దున. బస్సెక్కే ముందు."

గది గదంతా నవ్వింది. సహోదరులారా, వెక్కిరించే నవ్వు కాదది, ఇంటికి చుట్టం వస్తే నవ్వే నవ్వు! "గదీ! గా ముక్క కోసమే ఇంతసేపు కూసున్నం," అన్నాడు యాదన్న. నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా భుజం తట్టి, "నువ్వు మైకు పట్టుకున్నవ్, నేను మూడుసార్లు మాలేసుకున్న. తీసిన్నాడే తాగిన. ఇద్దరం ఒక్క బడి పిల్లలమే సారూ, కూసో, చాయ్ తాగు," అన్నాడు. ఆయనా, ఇంకొందరూ అక్కడ ఎవరూ తమను గుర్తుపట్టరనే అంత దూరం వచ్చారట!

తిరుగు బస్సు కృష్ణ వంతెన మీద పోతుంటే ప్రార్థించాను: "ప్రభువా, నన్ను విడిపించమని అడిగి, నువ్వు జవాబియ్యకముందే విడిపించావని అందరికీ చెప్పేశాను. నా తొందరను క్షమించు. ఈ ఒక్క సాయంత్రానికి సరిపడా బలమియ్యి, చాలు." ఎనిమిదేళ్లలో నేను అబద్ధం కలపకుండా చేసిన మొదటి ప్రార్థన అదేననుకుంటాను. ఇచ్చాడు! ఇంటికెళ్లి కరుణకు అంతా చెప్పాను.

"నాకు తెల్వదనుకున్నవా?" అన్నది. "రెండో సాక్ష్యమప్పుడు నేను ముందల్నే కూసున్న. వాసన నాదాక వచ్చింది." అప్పట్నుంచి గురువారం గురువారం నా చొక్కా ఇస్త్రీ చేసి పెట్టేది.

డాక్టరు మందులిచ్చాడు, అవీ వాడాను. ప్రార్థన ఉండగా మందులెందుకని ఒకరిద్దరు అడిగారు, ప్రార్థించినందుకే మింగబుద్ధయిందని చెప్పాను. మధ్యలో ఒకసారి జారిపడ్డాను, ఆ గురువారం వెళ్లి అదే చెప్పాను, మళ్లీ చాయ్ ఇచ్చారు. ఇప్పటికి ఏడాది దాటింది, దేవునికే మహిమ!

మొన్న ఒక ఆదివారం సంఘంలో మైకు అడిగాను. పాస్టరుగారు కాస్త తటపటాయించారు, రెండుసార్లు ఇచ్చిన అనుభవం ఆయనది. మొదటి రెండూ అబద్ధమని చెప్పి క్షమాపణ అడిగాను, ఈసారి ఊపిరి బిగబట్టకుండానే! చప్పట్లు పడలేదు. ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక అన్న పక్కకొచ్చి, తల వంచుకునే అడిగాడు: "నేను గూడ మానిన అనే చెప్పుకుంట తిరుగుతున్న. గా బస్సు ఎన్నింటికి?"

ఆ మాట నాకు అన్ని చప్పట్ల కంటే గట్టిగా వినిపించింది, సహోదరులారా! ఇప్పుడు మా సంఘం నుంచే ముగ్గురం పోతున్నాం. పేర్లు చెప్పను, చెబితే నాకు సీటు పట్టరు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఈ పొద్దున కూడా తాగి ఉంటే, మానిన తర్వాత దేవుని దగ్గరికి వద్దామని ఆగకండి. ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పండి, తర్వాత ఒక మనిషికి చెప్పండి. ఆయన ముందు సాక్ష్యానికి విడుదల దాకా ఆగనక్కరలేదు, నిజంతోనే మొదలుపెట్టొచ్చు. ఆమేన్!