మెట్లతో సహా

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను మా బ్యాంకు ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయంలో ఆస్తుల మదింపు విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేశారు. పాత ఢిల్లీ నా పరిధి. ఇంటి రుణం మంజూరయ్యే ముందు స్వయంగా వెళ్ళి గోడలు కొలిచి, ముసాయిదా దస్తావేజు చివర ఆస్తిని వర్ణించే షెడ్యూలుతో సరిపోల్చి, సంతకం చేయడం నా పని. చూసిన ప్రతిదీ అక్కడికక్కడే నోటు పుస్తకంలో రాసేవాణ్ణి. అలాంటివి నలభై ఒకటి నా దగ్గరున్నాయి. ఇది ముప్పై ఎనిమిదో పుస్తకంలోని సంగతి.

దరఖాస్తుదారు పేరు సువార్త. సొంత ఊరు బాపట్ల. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఫరీదాబాద్‌లో అద్దెకుంటూ మెట్రోలో డ్యూటీకి వచ్చేది. తుర్క్‌మాన్ గేటు వెనక గల్లీలో, ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒక పాత ఇంటి పై అంతస్తును బేరం చేసుకుంది. రెండు గదులు, పైన డాబా. కింది అంతస్తును యజమాని తనకే ఉంచుకుంటున్నాడు. శనివారంలోగా రుణం మంజూరు కాకపోతే ఇల్లు చేజారుతుంది, ఇచ్చిన బయానా కూడా తిరిగి రాదు.

"అందరూ ఊరి బయట ఇందిరాపురంలో లిఫ్టున్న ఫ్లాటు కొనుక్కోమంటున్నారు సార్," అంది. "ఆ లిఫ్టు ఎక్కాలంటే ముందు గంటన్నర మెట్రోలో నిలబడాలిగా. బస్సుల్లో, మెట్రోలో కలిపి ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను, చాలు."

మంగళవారం తనిఖీకి వెళ్ళాను. పాత ఇల్లనగానే మా బ్యాంకులో పెదవి విరిచేవారు. కానీ ఆ సన్న ఇటుకల గోడలు రెండున్నర అడుగుల మందం. ఎక్కడా బీట లేదు. నా కలం ఆగింది మెట్ల మొదట్లో. అక్కడి ద్వారబంధానికి మూడు కొత్త ఇత్తడి మడతబందులు బిగించి ఉన్నాయి. తలుపు లేదు. తలుపేదని, ఇల్లు చూపించడానికి వచ్చిన దలాలును అడిగాను.

"దీమక్ ఖా గయీ సార్‌జీ. చెదలు తినేశాయి," అన్నాడు.

చెదలు తలుపును తిని మడతబందులను కొత్తవి చేసి పోయాయా అని అడిగాను. చాయ్ తాగుతారా అన్నాడు.

కార్యాలయానికి వచ్చి షెడ్యూలు చదివాను. గదులున్నాయి, డాబా ఉంది, వాననీటి గొట్టం కూడా ఉంది. మెట్లు లేవు. మా వైపు పాత దస్తావేజుల్లో, ఎన్నటికీ ఎవరికీ దొరకని నిధి నిక్షేపాలను సైతం కొన్నవాడికి రాసిచ్చేవారు. ఇక్కడ ఇంట్లోకి చేర్చే పందొమ్మిది మెట్లను రాయడానికి చేతులు రాలేదు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ఆ మడతబందులకు తలుపు వస్తుంది, తలుపుకు యజమాని తాళం వస్తుంది. ఆపైన అతను చెప్పిన ధరకే ఆమె ఇల్లు తిరిగి అతనికే అమ్ముకోవాలి.

దారి హక్కును చట్టమే ఇస్తుందని, సంతకం చేసేయమని బ్రాంచి మేనేజరు అన్నారు. ఇస్తుంది, కోర్టు చుట్టూ కొన్నేళ్ళు తిరిగాక ఇస్తుందని చెప్పి, సంతకం చేయలేదు.

అమ్మకందారు తాత ఆ పై అంతస్తు కొన్న దస్తావేజు ఉర్దూలో ఉంది. ఫైల్లో దానికి "పై అంతస్తు మొత్తం" అంటూ ఒక ముక్తసరి సారాంశం పెట్టారు. నేను మూలప్రతి నకలు పట్టుకుని కచేరీ ఆవరణలోని ఒక వృద్ధ లేఖరి దగ్గరికి వెళ్ళి, ఒక్క మాట విడవకుండా చదివించాను. ఆరో పంక్తిలో ఉంది: "బాలాఖానా మయ్ జీనా." అంటే మేడ, మెట్లతో సహా. తాత మెట్లతో కొన్న మేడను మనవడు మెట్లు లేకుండా అమ్ముతున్నాడు.

శుక్రవారం అందరం మేనేజరు గదిలో కూర్చున్నాం. ఉర్దూ పంక్తిని, నా నోటు పుస్తకంలో మడతబందుల పేజీని బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మెట్లను ఎవరు మింగేస్తారు సార్‌జీ అని దలాలు నవ్వాడు. మెట్లు రాయాలంటే ధర పెంచాలన్నాడు అమ్మకందారు. సువార్త అతనివైపు తిరిగింది.

"అంకుల్‌జీ, దాదాజీ ఉడ్‌కే ఊపర్ జాతే థే క్యా?"

మీ తాతగారు పైకి ఎగిరి వెళ్ళేవారా అని. మేనేజరు నవ్వు ఆపుకోలేక, ముసాయిదాను అతని ముందుకు జరిపి, జీనా లిఖ్ దీజియే అన్నారు. అతను మెట్లన్నీ రాసి, పక్కన సంతకం పెట్టాడు. శనివారం పదకొండు గంటలకు మంజూరు పత్రం ఆమె చేతికిచ్చాను.

రుణం విడుదలయ్యాక నెలలోపు మరో తనిఖీ తప్పనిసరి. వెళ్ళేసరికి ఆ మడతబందులకు కొత్త టేకు తలుపు ఉంది. సువార్త యూనిఫాం జేబులోంచి తాళంచెవి తీసి తెరిచింది.

"మడతబందులు గట్టివే సార్. వాడకుండా వదిలెయ్యడం దేనికని," అంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా ప్రతి నివేదికనూ వీధి నుంచే మొదలుపెట్టాను. పాత నగరంలో ఇల్లు కొనేవారు ముందుగా గల్లీ నుంచి తమ గది దాకా నడవాలి. కాలు మోపిన ప్రతి చోటూ దస్తావేజులో ఉందని చూసుకున్నాకే గోడలు కొలవాలి.