చేదుకు ముందు వచ్చే వాసన

మా చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు కాలేజీ వరండాలో తెలిసింది. మొదటి పీరియడ్ పాఠం ముగించి బయటికి వచ్చి ఫోను చూసుకుంటే చిన్నాయన చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి చేస్తే ఆయన మామూలు గొంతుతోనే, "మీ చిన్నమ్మ పోయింది పాపా. నీళ్లు తాపుదామని లేపితే లెయ్యల్యా" అన్నాడు. వెనక ఎవరో లారీ రివర్సు తీస్తున్న చప్పుడు. బయల్దేరుతున్నానని చెప్పి పెట్టేశాను.

మధ్యాహ్నానికి మా అమ్మను తీసుకుని కర్నూలు నుంచి ఎర్రగుంట్ల చేరాను. వచ్చినవాళ్లంతా మంచిమాటలే చెప్పారు. బాగా చదువుకుందన్నారు, నెమ్మది మనిషన్నారు, ఇంటికి పోయిన ఎవరినీ అన్నం పెట్టకుండా పంపలేదన్నారు. అన్నీ నిజాలే. అయితే ఆమె ఏం పని చేసేదో, దేని మీద ప్రాణం పెట్టుకుని బతికిందో ఒక్కరూ అనలేదు. కొందరికి తెలియదు. తెలిసినవాళ్లకు శవం ముందర ఆ మాట ఎత్తడం బాగుండదనిపించి ఉంటుంది. అందుకని నేనిక్కడ రాస్తున్నాను. మా చిన్నమ్మ బీరు రుచి చూసే మనిషి. అది ఆమె ఉద్యోగం. ఉద్యోగం పోయాక అదే ఆమె ధ్యాస.

ఆమె మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే కొన్నేళ్లే పెద్దది. ఆలూరు దగ్గరి పల్లెలో మా తాతకు పొలం ఉండేది. వాన పడితే చెనక్కాయ పండేది, పడకపోతే బీడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల చిన్నమ్మే. కర్నూల్లో మైక్రోబయాలజీ చదివి, పై చదువుకు బెంగళూరు పోయి, అక్కడే ఒక చిన్న బీరు కంపెనీ ల్యాబులో చేరింది. పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. వెనక స్టీలు ట్యాంకులు, ముందర జనం కూర్చుని తాగే హాలు, అంతే. బీరును పులియబెట్టే ఈస్టు బతికుందా లేదా అని మైక్రోస్కోపులో చూడటం మొదట ఆమె పని. పోనుపోను ఆమె ముక్కూ నాలుకా ఎంత నమ్మదగినవో అక్కడివాళ్లకు తెలిసొచ్చింది. ఏ ట్యాంకైనా చిన్నమ్మ రుచి చూసి సరేనన్నాకే బయటికి వదిలేవాళ్లు.

తాతకు మాత్రం ఫుడ్ కంపెనీ అని చెప్పింది. తాత ఊళ్లో అందరితో మా పాప బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుందని చెప్పుకునేవాడు. ఆయనకు బిస్కెట్లని ఎవరు చెప్పారో మాకెవరికీ తెలియదు.

నేను ఎమ్మే చదివేటప్పుడు ఏదో పరీక్ష రాయడానికి బెంగళూరు పోతే, ఒక రోజు నన్ను తన కంపెనీకి తీసుకుపోయింది. హాప్స్ అని చలి దేశాల్లో తీగకు పూసే పచ్చటి పువ్వు ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. బీరుకు చేదూ, మంచి వాసనా ఆ పువ్వు నుంచే వస్తాయట. దాన్ని దండిగా వేసి, కొంచెం కొంచెంగా కాచే బీర్లంటే చిన్నమ్మకు ప్రాణం. ఒక చిన్న గ్లాసు నా ముందర పెట్టి, తాగకుండా ముందు ముక్కు పెట్టమంది. వాసన చూసి, బీరు వాసన వస్తోందన్నాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఒక గుక్క తాగితే వేపాకు నూరి పోసినట్టుంది. నా ముఖం చూసి చెప్పింది.

"చేదుకు తొందరపడొద్దు మే. చేదు యాడికీ పోదు. దానికంటే ముందర ఒకటి వచ్చి పోతాది. దాన్ని పట్టుకోవల్ల."

ఆ మాట నాకు వేరే విధంగా పనికొచ్చింది. నేను తెలుగు చెప్పి బతికేదాన్ని. పద్యం చదవగానే పిల్లలు అర్థం కోసం ఎగబడతారు. అర్థం ఎక్కడికీ పోదు, ముందు చప్పుడు వినండని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. అది చిన్నమ్మ పెట్టిన భిక్ష అని ఏ క్లాసులోనూ చెప్పలేదు.

పనిలో ఉన్న రోజుల్లో ఆమె తలలో పూలు పెట్టేది కాదు. మల్లెలు ముక్కును కమ్మేస్తాయనేది. ఊరగాయ తినేది కాదు, కాఫీ తాగేది కాదు. ఊరికి వస్తే మా అవ్వ, ముత్తైదువ కావలసిన పిల్ల బోడి తలతో తిరుగుతోందని తిట్టేది. చిన్నమ్మ నవ్వి ఊరుకునేది. తాతకు ఆరోగ్యం చెడిన ఏడు, ఆయన కళ్ల ముందరే పెళ్లయిపోవాలని అందరూ తొందరపెట్టారు. ఎర్రగుంట్ల సంబంధం కుదిరింది. సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే కుటుంబం. ఉద్యోగం మానమని ఎవరూ అనలేదు. అట్లాగని ఏం చేస్తావని అడిగినవాళ్లూ లేరు. పెళ్లిలో ఆమె జడ నిండా మల్లెలు పెట్టారు.

పెళ్లయ్యాక ఉద్యోగం వదిలి ఎర్రగుంట్ల చేరింది. మా జిల్లాల్లో షాపుల్లో దొరికే స్ట్రాంగు బీరు ఆమెకు అక్కర్లేదు. ఇక మిగిలింది బీరు లోకపు వార్తలు. ఫోనులో అవే చదివేది. ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోను చేసి, ముందు అమ్మ ఆరోగ్యం, తర్వాత నా పిల్లల చదువు అడిగి, ఆ పైన అసలు సంగతికి వచ్చేది. ఈ యేడు ఎండకు అమెరికాలో హాప్స్ తోటలు దెబ్బతిన్నాయంట. న్యూజిలాండులో కొత్త రకం వచ్చిందంట, తెల్ల ద్రాక్ష వాసనంట. ఫలానా కంపెనీని పెద్ద కంపెనీ మింగేసిందంట. పంట మాట చెప్పేటప్పుడు అచ్చం తాత చెనక్కాయ గురించి మాట్లాడినట్టే ఉండేది. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. బెంగళూరులో ఉన్నప్పుడు రుచి చూసి ఆమె 'ఉండాది' అనేది. నిమ్మ ఉండాది, మిరియం ఉండాది అని. ఎర్రగుంట్ల పోయాక అన్నీ 'అంట' అయిపోయాయి. ఆ తేడా నేను వింటూనే ఉన్నాను.

చిన్నాయన చెడ్డవాడు కాదు. పెళ్లాం మనసు దేని మీద ఉందో ఆయనకూ తెలుసు. ఒక ఎండాకాలం లోడు తోలుకుని తానే బెంగళూరు పోయి, ఆమె ఫోనులో చూసే బొమ్మ షాపులో చూపించి, ఆ రకం బీరు క్యాన్లు రెండు కొని, గోనెపట్టాలో చుట్టి సీటు కింద పెట్టి తెచ్చాడు. దారి పొడుగునా క్యాబిను కాలిపోతోంది. హాప్స్ వాసనకు వేడి గిట్టదు. మూత తీయగానే చిన్నమ్మకు తెలిసిపోయింది. తడిసిన అట్టపెట్టె వాసన. చిన్నాయన ఎదురుగా నిలబడి ఆమె ముఖమే చూస్తున్నాడట. పూర్తిగా తాగి, బాగుందని చెప్పింది.

"అంత దూరం నుంచి తెచ్చినాడు. ఇది చచ్చిపోయింటాదని యెట్ల చెప్పేది?" అని నాతో అంది.

బాగుందన్నందుకు ఆయన ఎప్పుడు బెంగళూరు పోయినా తెచ్చేవాడు. ఆమె ప్రతిసారీ తాగి బాగుందనేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా నడిచిన ప్రేమ ఇదేనని నేననుకుంటాను.

నాలుక పక్కన పుండు లేచినప్పుడు పన్ను గీరుకుంటోందని అనుకుంది. మానకపోయేసరికి కర్నూలు తీసుకొచ్చాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు పొగాకు అలవాటుందా అని అడిగాడు, లేదంది. వక్కాకు? లేదు. మందు? చిన్నమ్మ దాచలేదు. ఏం ఉద్యోగం చేసిందో చెప్పింది. ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. ఆ మాట ఎట్లా బయటికి పొక్కిందో, చూడవచ్చిన చుట్టాలు గడప దాటకముందే "అందుకే వచ్చింది" అనుకోవడం మొదలుపెట్టారు. ఒక రోజు గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చిన్నమ్మ అడిగింది.

"దాని వల్లనేనా మే?"

డాక్టరు అవుననలేదు, కాదనలేదు. నేను కాదన్నాను. ఆమె సైన్సు చదివిన మనిషి. నా వైపు చూసి "సరేలే" అంది.

ఆపరేషన్‌లో నాలుక కొంత తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు. ఆ రోజుల్లో కర్నూలు పక్కనే కల్లూరులో మా ఇంట్లోనే ఉంది. నోరు ఎండిపోయింది. తీపి పోయింది, ఉప్పు పోయింది. అమ్మ ఏం వండినా రెండు ముద్దలు మింగి తోసేసేది. ఒక పూట కాకరకాయ రసం పిండి తెమ్మని సైగ చేసింది. గ్లాసెడు తాగి, ఖాళీ గ్లాసు చేతిలో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. చేదు కూడా పోయింది. ముక్కుకు ఏం కాదని డాక్టర్లు చెప్పారు కానీ ఆమెకు ప్రతిదీ తడి సున్నం వాసనే వచ్చేది.

అయినా వార్తలు చదవడం మానలేదు. అట్లా చదువుతుండగానే తను పనిచేసిన కంపెనీ మూతపడుతోందని తెలిసింది. ట్యాంకులో మిగిలింది ఒకే రకం. హాప్స్ ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో అక్కడున్నప్పుడు చిన్నమ్మ తేల్చిన రకం. అది అయిపోతే హాలుకు తాళం. ఫోను నా చేతికిచ్చి చదవమంది. అప్పటికి ఆమె మాట ముద్దగా వచ్చేది, అమ్మకూ నాకూ తప్ప అర్థమయ్యేది కాదు.

"నువ్వు పొయ్యి తాగి చెప్పు" అంది.

మా అమ్మ ఇంట్లో బీరన్న మాట అననిచ్చేది కాదు. ఆమె వైపు చూశాను. మందు డబ్బా మూత బిగిస్తూ, "దానికి కావల్లంటే పొయ్యిరా" అంది.

ఆదివారం తెల్లవారి బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరాను. హాలులో ఉన్నదంతా కుర్రకారే. ఆఖరి రోజులని ఫోటోలు తీసుకుంటున్నారు. నేత చీర కట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్న నన్ను చూసి, ఎవరైనా రావాలా అని అడిగాడు వెయిటరు. ఎవరూ రారని చెప్పి ఆ రకం ఒక గ్లాసు తెమ్మన్నాను. గ్లాసు వచ్చాక ఇంటికి ఫోను చేస్తే అమ్మ చిన్నమ్మ చెవి దగ్గర పెట్టింది.

"ఏముండాది?" అంది.

చేదుగా ఉందన్నాను.

"చేదు కాదు. ముందర."

ముక్కు పెట్టాను. కళ్లు మూసుకున్నాను. నారింజ తొక్క గిల్లినట్టుందని చెప్పాను. మామిడికాయ తొడిమ విరిస్తే కారే సొన వాసన ఉందన్నాను. ఇంకో గుక్క తాగి, కోసిన గడ్డి అన్నాను, దేవదారు చెక్క అన్నాను, నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ అన్నాను. గ్లాసులో ఏదో ఉంది. వచ్చి పోతోంది. అది పోయాక నా దగ్గర మిగిలినవి మాటలే.

"తెలుగు చెప్తాండావు గదా మే. ఇంగో మాట ల్యాదా" అంది. ఎగతాళి చేయలేదు. బతిమాలుకుంది.

నా దగ్గర లేదు. చివరికి ఆమే చెప్పింది.

"నువ్వు చెప్పేది వినపడ్తాండాది. నారింజంటే నారింజ అని వినపడ్తాండాది. వాసన రాల్యా." ఊపిరి తీసుకుని, "ఇంగ పెట్టెయ్" అంది.

గ్లాసు సగానికి పైగా నిండుగానే ఉంది. నురగ పోయి, చల్లదనం పోయేదాకా దాని ఎదురుగా కూర్చుని లేచి వచ్చాను.

ఆ రోజు నుంచి చిన్నమ్మ వార్తలు చదవలేదు. నేనే ఒకసారి కొత్త రకం హాప్స్ గురించి ఏదో చూసి చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కరెంటు పెట్టడం అయిపోయాక ఎర్రగుంట్లకు పోయింది. కొన్ని నెలలకే మెడలో గడ్డ లేచింది. చేసేదేం లేదని డాక్టర్లు చిన్నాయనకు చెప్పారు, ఆయన మాకు చెప్పాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆఖరిసారి నేను పోయిన రోజు, ఇంటి వెనక నిమ్మచెట్టు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చిన్నాయన పక్కన నిలబడి ఆకు తుంచి ఇస్తున్నాడు. దాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టి నలిపి, చేతులు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని ఆగుతోంది. తర్వాత ఆ ఆకు కింద పడేసి మళ్లీ చెయ్యి చాపుతోంది. ఆయన ఇంకొకటి తుంచుతున్నాడు. కుర్చీ చుట్టూ నలిగిన ఆకులే. వస్తాందా చిన్నమ్మా అని అడిగాను. తల అడ్డంగా ఊపి చెయ్యి చాపింది.

నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు చిన్నాయన చెప్పాడు. "మొన్నొకసారి వాసన వచ్చినట్టు అనిపించిందంట పాపా. దానికోసరం దినామూ కూర్చుంటాంది."

దినాలకు పోయినప్పుడు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. చిన్నాయన పొడుగు మనిషి. ఆయన చెయ్యి అందినంత ఎత్తు వరకూ ఆ నిమ్మచెట్టుకు ఒక్క ఆకు లేదు, ఉత్త ముళ్లూ రెమ్మలే. ఆ పైన, చెయ్యి అందని చోట, సిమెంటు దుమ్ము పట్టిన ఆకులు గుబురుగా ఉన్నాయి.