చెప్పేదాకా ఉండే జడ్జిగారు

నేను నల్లకోటు వేసుకున్న కొత్తల్లో, అంటే రెండు వేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా, తిరువూరులో మా కోర్టుకి సొంత జడ్జిగారు లేరు. ఉన్నాయన బదిలీ అయ్యారు, కొత్తాయన రాలేదు. పక్క ఊరి జడ్జిగారే వారంలో రెండు రోజులు వచ్చి మా కోర్టూ చూసేవారు. ఆయన్ని అనడానికేమీ లేదు. తన పనే తలకు మించి ఉండగా మా పనీ నెత్తిన వేసుకున్నారు. బెయిళ్ళూ, అర్జెంటు పిటిషన్లూ చూసేసరికే పొద్దుపోయేది. మిగతా కేసులన్నిటికీ వాయిదాయే. బంట్రోతు పేర్లు పిలవడం, మేం లేచి నిలబడటం, క్లర్కు ఇంకో తేదీ చెప్పడం. ఇందుకేనా నేను లా చదివింది అని ఒళ్ళు మండేది.

సీనియర్ గారి ఫైళ్ళు మోయడం కాకుండా నాకంటూ ఉన్న ఒకే ఒక్క క్లయింటు వినగడప నుంచి వచ్చే ఆవిడ. కూలి పని చేసుకునే మనిషి. వాళ్ళ ఇల్లు ఒక మామిడితోట వెనక ఉంటుంది. తాతల కాలం నుంచీ తోట అంచున ఉన్న బాటే వాళ్ళకి దారి. తోట కొత్తగా కొనుక్కున్న ఆసామి ఆ బాటకి అడ్డంగా ముళ్ళకంచె వేశాడు. అప్పట్నుంచీ కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఒక వానాకాలం నెలలు నిండిన కోడల్ని మంచం మీద పడుకోబెట్టి ఆ గట్టు మీద మోసుకొచ్చారు. కాలు జారితే అందరూ కాలవలోకే.

ఆవిడ వేసిన దారి దావాలో ఒక జడ్జిగారు సాక్ష్యం తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాతాయన మా వాదనలు విన్నారు. తీర్పు చెప్పేలోపే ఆయనకీ బదిలీ ఆర్డరు వచ్చింది. ఇక ఎవరొచ్చినా వాదన మళ్ళీ మొదటి నుంచే.

అలాంటి రోజుల్లో ఒక కబురు వచ్చింది. మాకు ప్రత్యేకంగా జడ్జి అవసరమా, పక్క ఊరి ఆయనతో సరిపెట్టవచ్చా అని చూడటానికి జిల్లా నుంచి పెద్ద జడ్జిగారు వస్తున్నారట. మా లాయర్లకి కాలు నిలవలేదు. గోడలకి సున్నాలు వేయించారు, కుర్చీలు తుడిపించారు. వరండాలో తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నవాళ్ళూ, చుట్టలు కాల్చేవాళ్ళూ పెద్దాయన కంటబడితే ఊరి పరువేం కావాలని సీనియర్లకి బెంగ పట్టుకుంది. అందుకని ఆ రోజు వాయిదా ఉన్నవాళ్ళెవరూ రావద్దని, కేసులకేమీ ఢోకా లేదని క్లయింట్లందరికీ చెప్పి పంపాం. ఖాళీ కోర్టుని చూసి జడ్జిని ఎవరిస్తారన్న ఆలోచన నాతో సహా ఒక్కరికీ తట్టలేదు. పెళ్ళిచూపులని ఇల్లంతా సర్ది పిల్లని పక్కింట్లో దాచినట్టుంది మా తెలివి.

మేం చెప్పామని వినేస్తారా? తను రాకపోతే కేసు కొట్టేస్తారని ఆవిడ భయం. ఆవిడ పొద్దున్నే బస్సెక్కడం చూసి, తను లేకుండా ఏం జరిగిపోతుందోనని తోట ఆసామీ అదే బస్సెక్కాడు. విస్సన్నపేట వైపు నుంచి వచ్చే షేర్ ఆటోల్లోనూ అదే వరస, వాది వెనకాలే ప్రతివాది. కోర్టు వేళకి సున్నం ఆరని గోడలకి వీపులానించి వరండా నిండా జనం. మా సీనియర్ గారికి ముఖాన నెత్తుటి చుక్క లేదు.

పెద్ద జడ్జిగారు కారు దిగి అక్కడే ఆగిపోయారు. ఆయనే కొత్త జడ్జి అనుకుని మా వినగడప ఆవిడ చేతులు జోడించి ఎదురెళ్ళింది. నేను పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోతే ఆయన వద్దన్నట్టు తలూపి, ఏం కావాలమ్మా అని అడిగారు.

"ఒక దొరగారు నా మాట విన్నారండి, బదిలీ అయిపోయారు. ఇంకో దొరగారు లాయర్ల మాట విన్నారండి, ఆయనా వెళ్ళిపోయారు. ఇద్దరూ బాగానే విన్నారు, కాదన్ను. చెప్పేదాకా ఉండే ఆయన్ని పంపించండి, చాలు."

ఆయన కోర్టు హాల్లోకి వెళ్ళకుండా వరండాలోకే కుర్చీ తెప్పించుకున్నారు. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు, తోట ఆసామితో సహా. మేం కట్టించిన పూలదండ బల్ల మీదే వాడిపోయింది. వెళ్ళేటప్పుడు ఏ మాటా ఇవ్వలేదు.

మామిడి పిందె పడే వేళకి మాకు జడ్జిగారొచ్చారు. కుర్రాయన, రోజూ పదిన్నరకల్లా బెంచి మీద ఉండేవారు. నేను మళ్ళీ మొదటి నుంచీ వాదించాను. దారి తెరవాలని తీర్పు ఇచ్చారు. తీర్పు అమలు చేయించే కోర్టు అమీను వచ్చేదాకా ఆగకుండా ఆసామే కంచె తీయించాడు. వాయిదాలతో అతనికీ విసుగెత్తి ఉంటుంది.

ఆ వారంలోనే ఆవిడ మళ్ళీ మా ఆఫీసు గుమ్మంలో కనబడింది. ఆసామి మళ్ళీ కంచె వేశాడేమో అనుకున్నాను. కేసు అయిపోయింది కదమ్మా, ఇక రావక్కర్లేదు కదా అన్నాను.

"తెలుసండి. ఇన్నేళ్ళూ నేనే వచ్చాను. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఈసారి మీరు మా ఇంటికి రండి లాయరమ్మగారూ. దారుందిగా."