కట్టని గడి

అత్త పోయిందని నాయిన ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. "పొద్దుగాల చాయ్ తాగింది, చిటికి కట్టుకుంట కూసున్నది, గట్లనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేదాక గూడ ఆగలే బిడ్డా," అన్నాడు. నాయినకు అక్క ఆమె, నాకు మేనత్త. ఏడుపు రావాలి కదా, నాకు కోపం వచ్చింది. ఇన్ని రోజులైనా అదే ఉంది. ఈ నాలుగు మాటలు కూడా ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

పోచంపల్లిలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. అత్త చిటికి కట్టేది. అదేమిటో తెలియనివాళ్లకు చెబుతాను. మా దగ్గర చీర నేయకముందే నూలు మీద బొమ్మ పడాలి. నూలును చట్రానికి బిగించి, తెల్లగా ఉండాల్సిన ప్రతి చోటా సైకిల్ ట్యూబు కోసి చేసిన సన్నని రబ్బరు చుట్టి ముడి వేస్తారు. ఆ ముడులనే చిటికి అంటారు. తర్వాత రంగులో ముంచితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది, కట్టని చోటు రంగు తాగుతుంది. అత్త ముడులు కట్టడమే కాదు, గళ్ల కాగితం మీద బొమ్మలు కూడా తనే వేసేది. ఎర్ర స్కెచ్‌పెన్ను ఎప్పుడూ ఆమె కొప్పులో ఉండేది. బొమ్మ వేయాలంటే అక్కడి నుంచి లాగేది, అయిపోగానే మళ్లీ అక్కడే గుచ్చేది.

ప్రేమ ఒలకబోసే మనిషి కాదు. చిన్నప్పుడు నేను కట్టిన ముడులన్నీ నా కళ్ల ముందే విప్పి మళ్లీ కట్టమనేది. "కండ్లు మోసం జేస్తయి కోడలా, ఏలుకు తెల్వాలె," అనేది. నాకు బొమ్మలు గీయడం నేర్పింది కాలేజీ అని నా సర్టిఫికెట్‌లో ఉంది. అది అబద్ధం.

ఆమెకు ఒక అలవాటు ఉంది. ఎర్ర నేల మీద తెల్లని ముగ్గు గడుల బొమ్మ వేస్తే, ప్రతి ముగ్గులో ఒక మూల ఒకే ఒక గడిని కట్టకుండా వదిలేది. రంగులో ముంచాక అన్నీ తెల్లగా ఉండి అదొక్కటీ ఎర్రగా తేలేది. ఎందుకని అడిగితే మగ్గం మీద ఉన్న మామ వైపు చూపించింది. "నూలు ఎక్కిచ్చెటప్పుడు మీది కొస ఏదో కింది కొస ఏదో మీ మామకు తెల్వాలె గదా. నోటితోని చెప్తే ఇనడు. గడితోని చెప్తే ఇంటడు." మామ నవ్వి ఊరుకున్నాడు. ఆ గడిని చూసి, చీర ఎక్కడ కనబడినా అది అత్త చేయి అని మా గల్లీలో అందరూ చెప్పేవాళ్లు.

డిజైన్ చదువు అయిపోయాక, ఫోన్‌లో ఇంటి సామాను అమ్మే ఒక కంపెనీలో నాకు ఇంటర్న్‌షిప్ దొరికింది. వాళ్ల డిజైన్ సిస్టమ్ మీద పని. బటన్ ఎంత ఉండాలి, అక్షరం ఎంత, ఏ ఎరుపు వాడాలి, నడుమ ఎన్ని పిక్సెళ్ల ఖాళీ వదలాలి, అన్నిటికీ ఒకే కట్టుబాటు రాసి పెట్టుకుంటారు. అప్పుడు ఎవరు ఏ పేజీ చేసినా ఒకే తీరుగా వస్తుంది. ఇంటికొచ్చి గొప్పగా చెబితే అత్త ముడి వేస్తూనే వింది. "గంతేనా? గళ్ల కాయితం మీద నేను గదే జేస్తున్న గదా ఇన్నేండ్ల సంది. గాళ్లు దానికో పేరు వెట్టుకున్నరు."

ఆ సిస్టమ్‌లోకి కంపెనీ గుర్తుగా ఒక బొమ్మ కావాల్సి వచ్చింది. యాప్ తెరవగానే కనబడాలి, సామాను వచ్చే అట్టడబ్బా మీద అచ్చవ్వాలి. నేను అత్త గళ్ల కాగితం చూపించాను. అందరికీ నచ్చింది. అత్తను అడిగాను, "నీ బొమ్మ కంపెనోళ్లకు ఇయ్యనా? కింద నీ పేరు రాపిస్త."

"పేరెందుకే. బొమ్మ సక్కగ దించు, సాలు," అంది. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి మళ్లీ అడిగింది. "నిజంగనే రాస్తరా?"

రాస్తారన్నాను. ఆ మాట నాది, ఇంకెవరిదీ కాదు.

బొమ్మను కంప్యూటర్లో గడి గడిగా దించాను, ఎర్ర గడితో సహా. మా సీనియర్ చూసి, "ఇక్కడ ఒక గడి తప్పింది, సరిచెయ్," అన్నాడు. తప్పు కాదు సార్, గుర్తు అని చెప్పాను. మామ కథ కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "కథ బాగుంది. కానీ చూసేవాళ్లు ఏదో పొరపాటు అనుకుంటారు. సిస్టమ్‌లో అలాంటివి ఉండకూడదు." నేను ఆ గడిని తెల్లగా మార్చాను. ఒక్క నొక్కు చాలింది. బొమ్మ కింద నేను రాసిన అత్త పేరు తర్వాతి వారం చూస్తే లేదు. దాని జాగాలో 'తెలంగాణ చేనేత స్ఫూర్తితో' అని ఉంది. ఎవరు తీశారని కూడా అడగలేదు. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో అని భయం నాకు. ఇచ్చారు. అత్త పోయిన పొద్దున నేను ఎదురుచూస్తున్నది ఆ ఆఫీసు బస్సు కోసమే.

ఆ ఆఫీసు గోడ మీద 'చేతిపనికి వందనం' అని పెద్ద అక్షరాలతో ఉంది. చెయ్యి ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు. మీలో ఎవరింటికైనా ఆ డబ్బా వచ్చే ఉంటుంది. చించి పారేసి ఉంటారు. మిమ్మల్ని ఏమీ అనను, మీకు తెలియదు. నాకు తెలుసు.

పోయిన దసరాకు మా ఇంటికే వచ్చిందొకటి, అమ్మ తెప్పించిన కుక్కర్. అత్త ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ముగ్గు ముగ్గు మీదా వేలు జరుపుతూ పోయింది. నేను ఎదురుగానే కూర్చున్నాను. చెప్పేదుంటే అప్పుడే చెప్పాల్సింది.

"నాదే అనుకున్న," అంది. "గడి లేదు గదా. నాది గాదు బిడ్డా."

నేను కుక్కర్ మూత తిప్పి చూస్తూ కూర్చున్నాను. అత్త లేచింది. "డబ్బ గట్టిగున్నది, రబ్బర్లు ఏసుకుంట," అని పట్టుకుపోయింది. ఆ తర్వాత పేరు మాట ఎప్పుడూ ఎత్తలేదు. మరిచిపోయిందని నేను హాయిగా అనుకున్నాను. ఎంత సిగ్గులేని హాయి.

చావుకు వచ్చినవాళ్లంతా అదృష్టవంతురాలు, పని చేస్తూ చేస్తూ పోయింది అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆఖరి ఏడాది ఆమెకు కుడి చేయి భుజం దాకా లేచేది కాదు. జుట్టు ముడి మామ వేసేవాడు. అందులో ఏం అదృష్టం కనబడిందో వాళ్లనే అడగాలి.

మూడో రోజు అన్నీ అయ్యాక మామ ఆమె సగం కట్టి వదిలిన చట్రం ముందు కూర్చున్నాడు. నూలు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "మీది కొస ఏదో సమజైతలేదు. గడి ఇడిసిందో లేదో జర సూడు బిడ్డా," అన్నాడు.

చట్రం దగ్గరికి జరగడానికి పక్కనున్న రబ్బర్ల డబ్బాను ఎత్తాను. మూత పడిపోయింది, తీసి మళ్లీ పెట్టబోయాను. మూత మీద వరసగా అవే తెల్లని ముగ్గులు. ప్రతి ముగ్గులో, అదే మూల, ఒక గడిని స్కెచ్‌పెన్నుతో ఎర్రగా నింపి ఉంది. ఒక్క ముగ్గు కూడా వదల్లేదు.

"దొరికిందా బిడ్డా?" మామ నూలు పట్టుకునే అడిగాడు.

నా చేతులకు చెమట పట్టింది. మూత మీది ఎరుపు నా బొటనవేలికి అంటింది.