పదకొండు సుద్దగీతలు

కోటబొమ్మాళిలో కరెంటు పోతే సంతోషించే మనిషి ఒక్కతే ఉందనీ, అది తన భార్యేననీ తిరుమలరావు చుట్టాలందరి దగ్గరా చెప్పి నవ్వేవాడు. అందులో అబద్ధం లేదు. వాళ్ళింటి వెనకగదిలో, విత్తనాల బస్తాల పక్కన, చెక్కబల్ల మీద ఒక పాత కంప్యూటర్ ఉండేది. దానికి బ్యాటరీ లేదు. తీగ నేరుగా గోడలోకి. కరెంటు పోయిందంటే మాట మధ్యలో గొంతు పోయినట్టు ఆరిపోయేది. వచ్చిందంటే తనంతట తానే లేచేది. లేచాక దానికి ఏమేం గుర్తున్నాయో చూడడం యమున పని.

జీతం ఇచ్చే ఉద్యోగం వేరే ఉంది. విశాఖలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఇది జీతం లేని పని. సమాచారాన్ని పట్టికలుగా దాచే ఒక డేటాబేస్ ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఒక మెయిలింగ్ లిస్టులో ఉత్తరాలు రాసుకుంటారు. ఒకరు మార్పు రాస్తే ఇంకొకరు చదివి తప్పులు పడతారు, మరొకరు పరీక్షిస్తారు. లిస్టుకు వెళ్ళిన ఉత్తరం మళ్ళీ వెనక్కి రాదు. ఇరవై ఏళ్ళ కిందటి గొడవలు కూడా అక్కడ అలాగే తడి ఆరకుండా ఉంటాయి.

మిగతావాళ్ళు ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపేసి పరీక్షించేవారు. అలా ఆపితే కంప్యూటర్ బతికే ఉంటుంది, చేతిలో మిగిలింది తర్వాత నెమ్మదిగా డిస్కు మీద పెడుతుంది. ఏది నిజంగా డిస్కుకు చేరిందో, ఏది చేరానని నమ్మించిందో తెలియాలంటే కరెంటే పోవాలి. ఆ భాగ్యం యమునకు రోజూ ఉండేది. ఒకసారి జర్మనీ నుంచి రాసే పెద్దాయన ఎవరి మార్పు గురించో "బాగానే ఉంది, కోటబొమ్మాళి దాటిందా?" అని అడిగాడు. ఆ మాట లిస్టులో నిలిచిపోయింది. ఆ ఊరు ఏ సముద్రం పక్కన ఉందో తెలియనివాళ్ళు కూడా కోటబొమ్మాళి దాటాలి అని రాసేవారు.

కరెంటు ఎన్నిసార్లు పోయిందో గుర్తుపెట్టేది అత్త చిన్నతల్లి. ప్రతి కొత్త పరీక్షకూ పాతవి తుడిచేసి, వెనకగది తలుపు మీద సుద్దతో గీత గీసేది. దీపం వైపు చూడనక్కర్లేదు ఆమెకు. వీధి చివర రైసుమిల్లు మోత ఆగితే చాలు.

"మిల్లు నోరు మూసిందే యమునా! నీ డబ్బా సచ్చిపోనాది సూడు," అని కేకేసేది.

ఆ మే నెలలో పరీక్షకు వచ్చిన మార్పు బిందుది. చీపురుపల్లిలో స్టీలు సామాన్ల షాపు కాశీవిశ్వనాథం కూతురు. ఇరవై మూడేళ్ళు. షాపు పైగదిలో గిన్నెల చప్పుడు మధ్య కూర్చుని, డేటాబేస్ ఫైళ్ళను డిస్కుకు చేర్చే చోట, చేరిందని తేలేదాకా ఆగే ఒక ఎదురుచూపును తగ్గించింది. అందువల్ల పని వేగమైంది. మొదటి మార్పు. లిస్టులో ఇటువైపు మనిషి ఇంకొకరున్నారని తెలిసి యమునను "అక్కా" అంటూ పట్టుకుంది.

యమున ఆ మార్పును పాత కంప్యూటర్లో ఎక్కించి, పరీక్ష నడుస్తుండగానే ఆఫీసు పని మీద పది రోజులు విశాఖ వెళ్ళింది. తిరిగి వచ్చే రోజు మధ్యాహ్నంతో డేటాబేస్ ఆ ఏటి కొత్త రూపం విడుదలకు గడువు ముగుస్తుంది. రైలుబండి ఆమదాలవలసలో ఆగినప్పుడు ఇంటికి ఫోను చేసింది.

"అత్తా, తలుపు మీద ఎన్ని గీతలున్నాయి?"

"పదకొండు. రేతిరి పోయినవి నాకు తెల్దు, నానేటి కాపలాదాన్నా?"

యమున నవ్వింది. ఫోనులోంచే కంప్యూటర్లోకి వెళ్ళి చూసింది. రాసిన వరుసలన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. నువ్వు ఎన్నిసార్లు పడి లేచావని దాన్ని అడగడం ఒక్క ముక్క పని. ఎప్పుడూ అడిగేది. ఆ రోజు కిటికీలోంచి ఎండ కదులుతోంది, ఎదురుసీటు పాప జీళ్ళు తింటోంది, గడువుకు గంట ఉంది. పదకొండుసార్లు కరెంటు పోయింది, ఒక్క వరుసా పోలేదు, అని లిస్టుకు రాసి పంపేసింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా మిల్లు మోత ఆగింది. చిన్నతల్లి సుద్దముక్క అందుకుని పన్నెండో గీత గీసింది. తల పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వెనకగదిలో కంప్యూటర్ పచ్చదీపం రెప్పయినా వేయలేదు.

"ఏటి బావా ఇది?" అని యమున భర్తను అడిగింది.

తిరుమలరావు ముఖం వెలిగిపోయింది. "ఇన్వర్టరే! ఎండకి అమ్మ ఆయాసపడిపోతన్నాదని పెట్టించినాను. నీ గదికీ లైను లాగించినాను. పాపం ఆ డబ్బా రోజుకోపాలి సచ్చి బతుకుతన్నాది కదా."

"ఎప్పుడు?"

"నువ్వు బండెక్కిన మర్నాడే. నువ్వొచ్చి సూసేదాకా సెప్పొద్దన్నాను అమ్మతోటి."

యమున బల్ల ముందు కూర్చుంది. ఇప్పుడు అడిగింది. కంప్యూటర్ చెప్పింది: తొమ్మిది రోజులుగా మెలకువగానే ఉన్నాను.

రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది. నా పరీక్ష చెల్లదు, మార్పును ఆపండి, అని. వేళ్ళు బల్ల మీదకు వెళ్ళాయి కూడా. అంతలో ఫోను మోగింది.

"అక్కా! నా మార్పు ఎక్కించేసినారు! నా పేరున్నాది, కింద పరీక్షించినవారు అని నీ పేరున్నాది! మా నాన్న బేరం మధ్యలో వదిలేసి పైకొచ్చి, ఏటే ఎక్కించారు, బస్సా అంటన్నాడు!"

వెనక గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం. యమున గొంతులో మాట ఒకటి వచ్చి, చూరు కింద వానకు నిలబడ్డ మనిషిలా అక్కడే నిలబడిపోయింది.

"మంచిది బిందూ," అంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పరీక్షిద్దామనుకుంది. పాత సాకెట్టు గోడ మీద మూరెడు దూరంలోనే ఉంది. తీగ ఇటు తీసి అటు పెట్టడమే. మర్నాడు పెట్టలేదు. ఆ వారం పెట్టలేదు. బిందు జాగ్రత్త గల పిల్ల, మరో ఇద్దరు చదివారు, ఏమవుతుంది అనుకుంది. నిజానికి, పెడితే ఏం కనబడుతుందోనని భయం. వానలు పడ్డాయి, ఊడ్పులు అయ్యాయి, తిరుమలరావు పొలం పచ్చబడింది. లిస్టులో ఎవరైనా కోటబొమ్మాళి పరీక్ష అడిగితే, ఆఫీసు పని ఎక్కువగా ఉందని రాసింది. చిన్నతల్లి గీతలు గీస్తూనే ఉంది. ఒక్కో గీతా తలుపు మీద కాక ఇంకెక్కడో పడుతున్నట్టుండేది యమునకు.

అక్టోబరులో ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరపు దీవిలో చిన్న ఆసుపత్రి. పిల్లల టీకాల వివరాలు ఆ డేటాబేస్‌లో రాసుకుంటారు. తుపానుకు కరెంటు పోయి వచ్చాక నలభై మూడు మంది పిల్లల పేర్లు లేవు. రాసింది ఒక నర్సు. భాష రాక, ఒక్కో మాట వెతికి పేర్చుకున్న ఉత్తరం. దానికి జర్మనీ పెద్దాయన జవాబిచ్చాడు: అనుమానం బిందు మార్పు మీదికే పోతుంది, కానీ అది కోటబొమ్మాళిని పదకొండుసార్లు దాటింది. మీ డిస్కు చౌకరకమై ఉంటుంది, అది మార్పించండి. బిందూ, మిగతా భాగాలు నువ్వు ఇంకోసారి చూడు.

ఆ ఉత్తరాన్ని యమున ఎన్నిసార్లు చదివిందో. పదకొండు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కళ్ళు దాన్ని దాటి కింది వాక్యంలోకి దూకేవి.

బిందు తొమ్మిది రోజులు వెతికింది. పదో రోజు పొద్దున్న బండిలో చీపురుపల్లి నుంచి కోటబొమ్మాళి వచ్చేసింది. ముఖం పీక్కుపోయింది. చేతిలో తండ్రి పంపిన స్టీలు డబ్బా, నిండా కాజాలు.

"ఈ గుంట ఏటే ఇంత సిక్కిపోయింది? మీ యింట్లో గిన్నెలే గాని కూడు లేదేటి?" అంది చిన్నతల్లి.

బిందు నవ్వడానికి ప్రయత్నించి, నేరుగా వెనకగదిలోకి వెళ్ళి ఆ కంప్యూటర్ని చూస్తూ నిలబడింది.

"ఇదేనా అక్కా? ఎంత సిన్నగున్నాదో." తర్వాత ఫోను చాపింది. "ఇది చదువు. సాయంత్రం లిస్టుకి పంపిస్తాను."

తప్పు ఎక్కడుందో కనుక్కోలేకపోయాననీ, ఈ పనికి తగననీ, ఇక లిస్టు నుంచి తప్పుకుంటున్నాననీ, ఆ నర్సుకు క్షమాపణలనీ రాసి ఉంది.

వీధి చివర మిల్లు మోత ఆగింది.

"కరెంటు పోనాది!" చిన్నతల్లి సుద్ద తీసుకుని తలుపు దగ్గరికి వచ్చింది. బిందు గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది, గుడిలో తెర తీస్తారని చూసే మనిషిలా. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"పోలేదేటక్కా?"

యమునకు ఆ క్షణంలో కూడా ఒక అబద్ధం దొరికింది. ఇన్వర్టరు నిన్ననే పెట్టాం అంటే చాలు. అది నాలుక మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకు తన మీద తనకే వెగటు కలిగింది.

"మే నెలలోనే పెట్టించారు బిందూ. నేను ఊళ్ళో లేనప్పుడు. నిజానికి నీ మార్పు కోటబొమ్మాళి దాటనే లేదు. ఉత్తరం పంపిన మూడు గంటలకే నాకు తెలిసింది. చెప్పలేదు."

చిన్నతల్లి చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. యమున వంగి తీగ పీకి, దుమ్ము పట్టిన పాత సాకెట్టులో పెట్టింది. మిల్లు మోత మళ్ళీ మొదలయ్యాక పరీక్ష నడిపింది. తర్వాత అందరూ కూర్చున్నారు. ఆ పూట కరెంటు పోలేదు.

"ఎప్పుడూ పోయేదే, నేడేటొచ్చింది దీనికి," అని చిన్నతల్లి గొణిగింది.

యమున లేచి, కంప్యూటర్ రాస్తుండగా తన చేత్తోనే తీగ పీకేసింది. మళ్ళీ పెట్టింది. అన్నీ ఉన్నాయి. రెండోసారీ అన్నీ ఉన్నాయి. అప్పుడు ఆమె గుండె తేలికపడింది, తప్పు అక్కడ లేదేమో, నర్సు డిస్కుదేనేమో అని. ఆ తేలిక ఎంత నీచమైనదో ఆమెకు తెలుస్తూనే ఉంది. మూడోసారి పీకి పెట్టాక, కంప్యూటర్ చాలాసేపు తడుముకుని లేచింది. చివరి ఫైలు లేదు. రాశానని అది మాటిచ్చిన మూడు వందల వరుసలు లేవు.

"అయిదు నెలలా అక్కా," అంది బిందు. గొంతు పెంచలేదు. "నాకు రెండో రోజే ఆ చోట అనుమానమొచ్చింది. ఇక్కడే తప్పుందని కాగితం మీద గీసుకున్నాను. కోటబొమ్మాళి దాటింది కదా, అక్క సూసింది కదా, నా కళ్ళదే తప్పని ఆ కాగితం సింపేసాను."

బిందు పక్కనే ఉండగా యమున లిస్టుకు ఉత్తరం రాసింది. తన పరీక్ష అబద్ధమనీ, ఆ సంగతి అదే రోజు తెలిసీ దాచాననీ, బిందును తప్పుదారిలో వెతికించింది తన మాటేననీ. నర్సుకు విడిగా రాసింది: మీ డిస్కు మంచిదే. ఆ పేర్లు ఇక రావు. తప్పు మాది, అందులో ఎక్కువ నాది.

పంపాక బిందు తన ఫోనులోని ఉత్తరాన్ని చెరిపేసింది. టీ ముట్టుకోలేదు. బండికి టైమవుతోందని లేచింది. తిరుమలరావు ఆమెను మోటారుసైకిలు మీద స్టేషనుకు దింపి వచ్చాడు.

"నా ఇన్వర్టరు ఇంత పని సేసిందేటే?" అన్నాడు దిగులుగా.

"నీది కాదు బావా."

చిన్నతల్లి తడిగుడ్డ తెచ్చి తలుపు ముందు నిలబడింది. "తుడిసేయనా?" అని అడిగి, తనే మళ్ళీ ఆగింది. "నా గీతలు దొంగగీతలు కావే. మిల్లు ఆగినాది, నాను గీసినాను."

"తెలుసత్తా. ఉంచు."

జర్మనీ పెద్దాయన ఒక్క వాక్యం రాశాడు: చెప్పినందుకు కృతజ్ఞతలు, మార్పును వెనక్కి తీస్తున్నాం. అంతకంటే ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది యమునకు. కొత్త విడుదలలో మార్పు పోయింది గానీ, పాత విడుదల పుటలో "పరీక్షించినవారు" అన్న మాట పక్కన ఆమె పేరు అలాగే ఉంది. అది ఎప్పటికీ ఉంటుంది. నర్సు నుంచి నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నోటుపుస్తకం పట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగారట. ముప్పై ఎనిమిది మంది దొరికారు. మిగతా అయిదుగురి గురించి ఏమీ రాయలేదు.

ఆ తర్వాతి వారం లిస్టులో బిందు కొత్త సవరణ వచ్చింది. చివర ఒక విన్నపం: యమున గారు వీలుంటే కోటబొమ్మాళిలో పరీక్షించగలరు.

గారు. అక్క అని లేదు.

యమున సవరణను ఎక్కించి, తీగ పాత సాకెట్టులోనే ఉందో లేదో చేత్తో తడిమి చూసి, బల్ల ముందు కూర్చుంది. పదకొండు గంటలకు మిల్లు ఆగింది. పచ్చదీపం ఆరింది. నలభై నిమిషాలకు మళ్ళీ వెలిగింది. ఎన్నిసార్లు పడి లేచావని అడిగింది. ఒక్కసారి, అని చెప్పింది కంప్యూటర్. వరుసలన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. అప్పుడు అత్త చేతిలోంచి సుద్ద తీసుకుని, తలుపు రెండో రెక్క మీద తనే ఒక గీత గీసింది.

లిస్టుకు రాసింది: ఒకసారి కరెంటు పోయింది. అన్నీ ఉన్నాయి. ఇంకా చూస్తున్నాను.