విస్తర్ల ముందు నుంచి లేపిన రోజు

మా అక్క బిడ్డ నిశ్చితార్థం వికారాబాద్‌లో జరిగింది. వాళ్లింటి పక్క ఖాళీ జాగాలో షామియానా వేశారు. మండే ఎండాకాలం. మధ్యాహ్నం పెళ్లికొడుకు తరఫు వాళ్లు భోజనాలకు కూర్చున్నప్పుడు పడమట మబ్బు లేవడం చూశాను.

తాండూరు బడిలో నేను పిల్లలకు చెప్పే పాఠమే అది. నేల కాగి, తేమ నిండిన వేడిగాలి పైకి లేచి, చల్లబడి మబ్బవుతుంది. గోబీపువ్వులా ఉబ్బి ఉబ్బి, పైకొస పీటలా పరుచుకుంటుంది. లోపల మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుని మెరుపు పుడుతుంది. నేను చూస్తుండగానే చల్లగాలి ముఖానికి కొట్టింది. దూరంగా ఉరిమింది.

"బావా, అందర్ని ఇంట్లకు రమ్మను. పిడుగు పడొచ్చు" అన్నాను.

"తినేటోళ్లను లేపుతరా? జర ఆగు."

ఆగలేకపోయాను. "లేవుండ్రి! ఇంట్లకు నడువుండ్రి! చెట్టు కిందికి పోకుండ్రి, ఇనుప కంబాలు ముట్టకుండ్రి!" అని అరిచాను. పెళ్లికొడుకు నాయనమ్మను పప్పన్నం చేత్తోనే ఇద్దరు పట్టుకొచ్చారు. రెండు గదుల్లో అందరూ ఎంగిలి చేతులతో కిక్కిరిసి నిలబడ్డారు. నేను కిటికీలు మూశాను.

నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. మబ్బు పరిగి వైపు సాగిపోయింది. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలన్నాను. ఎవరూ వినలేదు. బయట విస్తర్లలో కుక్కలు మూతులు పెట్టాయి.

"మా పెద్దమనిషిని విస్తరి ముందలకెళ్లి లేపినరు. గిదేం మర్యాద?" అంది పెళ్లికొడుకు తల్లి. అక్క కళ్లనిండా నీళ్లు. నేను ఆ ముసలామె కాళ్లకు దండం పెట్టాను. తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను.

తిరుగు బస్సులో ఉండగా ఫోన్‌కు వార్త వచ్చింది. పరిగి దగ్గర వడగళ్లు పడి, గాలికి రేకుల కప్పులు ఎగిరిపోయాయట. నా మాట నిజమైందని ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఎవరి ఇల్లో కూలితే నాకెందుకు సంతోషం? అక్క ఇంట్లో పడ్డ సిగ్గు కన్నా ఇది లోతుగా దిగింది. ఆ వార్త అక్కకు పంపలేదు.

చాలా రోజులు అక్క మాట్లాడలేదు. చివరికి తనే ఫోన్ చేసింది.

"పెండ్లి ఫంక్షన్ హాల్ల పెట్టుకున్నం, పక్కా స్లాబు. నువ్వు తలెత్తి మొగులు చూస్త కూసోకు, నా పక్కకే ఉండాలె."

"ఉంట అక్కా" అన్నాను. చెవులు మాత్రం సిగ్గుతో వేడెక్కిపోయాయి.